అందరికంటే శుభ్రమైన బండి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను విజయవాడ ఆటోనగర్‌లోని మా కార్ల వర్క్‌షాపులో సర్వీసు వైపు నుంచి బాడీషాపుకి మార్చారు. హోదా వర్క్స్ మేనేజరు. వినడానికి గొప్పగానే ఉంటుంది. సర్వీసు వైపంటే ఇంజను, బ్రేకులు, ఆయిలు మార్పిడి. బాడీషాపంటే సొట్టలు, రేకు పని, రంగు. రేకు పనిని మా వాళ్ళు టింకరింగ్ అంటారు. టింకర్ల మీద ఫోర్‌మన్, ఫోర్‌మన్ మీద నేను, నా మీద యజమాని. కస్టమరుతో మాట్లాడి జాబ్ కార్డు రాసే కుర్రాణ్ణి సర్వీస్ అడ్వైజర్ అంటారు. తిట్లన్నీ ముందు అతను తింటాడు, మిగిలినవి నా దగ్గరికి వస్తాయి.

బాడీషాపుకి వచ్చాకే తుప్పుని దగ్గర్నుంచి చూశాను. దీని గురించి జనానికి ఒక అపోహ ఉంది. డోరు అంచున గోధుమరంగు చుక్క కనబడితే చాలు, కొంప మునిగినట్టు పరిగెత్తుకొస్తారు. ఆ చుక్కని ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, రంగు వేస్తే సరిపోతుంది. అసలు తుప్పు బండి కింద ఉంటుంది. చక్రాల గూళ్ళలో, నేల రేకు అతుకుల్లో, డోర్ల కింద పొడుగునా ఉండే డబ్బా లాంటి బోలు భాగాల్లో పడుతుంది. అక్కడికి ఎవరి కన్నూ పోదు. వాన పడ్డ వారానికి బండి కింద చెయ్యి పెట్టి చూసే యజమాని నాకు ఒక్కడూ తగల్లేదు.

ఒక్కడూ అన్నాను గానీ, ఒకావిడ ఉన్నారు. ఆవిడ గురించే ఇది.

సువార్తమ్మ గారిది అవనిగడ్డ దాటాక నాగాయలంక దారిలో ఒక ఊరు. ఒక మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో అందరికీ సిస్టర్ గారే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి తనే కారు తోలుకుంటూ వెళ్ళి, పుండ్లు కడిగి, కట్లు మార్చి, మూత్రం గొట్టాలు మార్చి వచ్చేవారు. మోకాళ్ళు అరిగిపోయాయి. బస్సు మెట్లెక్కడం ఆవిడ వల్ల కాదు. అయినా ఆ ఇళ్ళు చాలావరకు బస్సు వెళ్ళే దారిలో లేవు. కాలవ గట్ల మీద, చెరువుల మధ్య ఉంటాయి. ఉద్యోగంలో ఉండగా కొనుక్కున్న చిన్న పెట్రోలు కారు ఆవిడకి కాళ్ళూ చేతులూ అన్నీ.

ఆ బండిని సర్వీసుకి తెచ్చిన ప్రతిసారీ మా షెడ్డులో చిన్న తిరనాళ్ళే. పనివాళ్ళు పని వదిలేసి వచ్చి చూసేవాళ్ళు. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండి అద్దంలా ఉండేది. చక్రాల గూళ్ళలో మట్టి కణం ఉండేది కాదు. డెల్టా ఊళ్ళలో తిరిగే బండి కింద ఎప్పుడు చూసినా మినప కట్టెలో, గడ్డి పరకలో ఇరుక్కుని ఉంటాయి. రైతులు రోడ్డు మీద కోసిన పంటంతా పరిచి మన చక్రాల చేత నూర్పిడి చేయించుకుంటారు కదా. ఆ చెత్త తడిసి, కుళ్ళి, రేకుని తింటుంది. ఆవిడ బండి కింద మాత్రం గడ్డిపోచ దొరికేది కాదు. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే బండి కడగనిదే అన్నం తినేవారు కాదట. ఆపరేషను సామాన్లు కడిగిన చెయ్యి, ఊరుకుంటుందా! కారు కడిగి తేవడం చాతకాని కస్టమర్లకి నేను ఆ బండిని చూపించి, ‘చూసి నేర్చుకోండి’ అనేవాణ్ణి.

నేను సర్వీసు మేనేజరుగా ఉన్న రోజుల్లోనే మా యజమాని భవానీపురంలో ఒక ఫంక్షన్ హాల్లో కస్టమర్ల సమావేశం పెట్టించారు. బాగా చూసుకున్న బండికి బహుమతి. ఇంకెవరికి వస్తుంది? సువార్తమ్మ గారికే. బహుమతి ఏమిటంటే నీళ్ళని జోరుగా కొట్టే ప్రెషర్ పంపు, దానికో తుపాకీ లాంటి గొట్టం. స్టేజి మీద దాన్ని నా చేత ఇప్పించారు. ఆవిడ అందుకుని, దీంతో బండి కింద కూడా కడగొచ్చా అని అడిగారు. కిందే ముఖ్యమండీ అని మైకులో చెప్పాను. హాలంతా చప్పట్లు. ఆ మాట ఏ పుస్తకంలో చూసినా కరెక్టే.

నేను బాడీషాపుకి మారిన ఏడాదే ఆ బండికి పదిహేనేళ్ళు నిండాయి. సొంత కారుకి పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి. రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు బండిని చూసి, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రాస్తేనే రెన్యువల్. ఆయన్ని మా పక్క జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరనే అంటారు. అక్కడికి వెళ్ళేముందు ఒకసారి అంతా చూపించుకుందామని ఆవిడ మా దగ్గరికి వచ్చారు. ‘మేనేజరు గారూ, మా ముసలిదాన్ని పెళ్ళిచూపులకి తయారు చెయ్యండి’ అని నవ్వుతూ తాళాలు ఇచ్చారు. వెనకసీట్లో కట్లు కట్టే సామాన్ల పెట్టె అలాగే ఉంది. సాయంత్రానికి వెనక్కెళ్ళి ఇంకో ఇల్లు చూసుకోవాలన్నారు.

బండిని రెండు స్తంభాల లిఫ్టు మీదకి ఎక్కించాం. ఈ లిఫ్టుకి నాలుగు చేతులుంటాయి. ఒక్కో చేతి చివర రబ్బరు దిమ్మ. డోర్ల కింద, కంపెనీవాళ్ళు గుర్తు పెట్టిన చోట ఆ దిమ్మ ఆనించి పైకి లేపాలి. బండిలో ఆ చోట్లు గట్టిగా ఉండాలి, బరువంతా వాటి మీదే. మా టింకరు బాషా మీట నొక్కాడు. చక్రాలు నేల వదిలాయో లేదో, వెనక ఎడమవైపు అప్పడం విరిగినట్టు చప్పుడైంది. దిమ్మ రేకులోకి దిగిపోయింది. నేను ఆపమని అరిచాను. మెల్లిగా దించి, ఆ మూలని వేరే స్టాండు మీద నిలబెట్టి, టార్చి పట్టుకుని కిందికి దూరాను.

పైకి చూస్తే ఏమీ లేదు. నల్లటి రబ్బరు కోటింగు కొత్తదానిలాగే మెరుస్తోంది. ఎప్పుడో ఏళ్ళ కిందట వేయించింది. తుప్పు చూసే పద్ధతి కంటితో కాదు, చెవితో. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. మంచి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు చచ్చిన చప్పుడు చేస్తుంది. ముందు నుంచి తట్టుకుంటూ వచ్చాను. సగం దాటాక ఇక ఖంగు లేదు. స్క్రూడ్రైవరు ఆనించి కాస్త నొక్కితే కోటింగు చీలి, లోపలికి దిగిపోయింది. కోటింగు పొరని ఒలిస్తే వెనక రేకు లేదు, ఎర్రటి పొట్టు ఉంది. పైన పటారం, లోన లొటారం. వెనక చక్రాల యాక్సిల్‌ని బాడీకి పట్టి ఉంచే బోల్టుల చుట్టూ కూడా అదే పరిస్థితి. బోల్టుల మీద, నీళ్ళు కారే కన్నాల అంచున తెల్లగా పూత కట్టి ఉంది. అది మాత్రం నాకు కొత్త. వాననీళ్ళ తుప్పు దగ్గర అట్లా తెల్లటి పూత నేను చూడలేదు.

తుప్పుకి మా దగ్గర మూడు మెట్లు. పైపూత తుప్పయితే తీగబ్రష్షుతో గీకి, తుప్పుని ఆపే ద్రావకం రాసి, జింకు ప్రైమరు కొట్టి, మీద కోటింగు వేస్తాం. పొట్టు లేస్తుంటే ఆ ముక్క కోసేసి కొత్త రేకు అతుకుతాం. మూడోది, బరువు మోసే చోట చిల్లు పడటం. అతుకు నిలబడాలంటే చుట్టూ గట్టి రేకు ఉండాలి. గట్టి రేకే లేనప్పుడు దేనికి అతుకుతావు, గాలికా? సువార్తమ్మ గారి బండి మూడో మెట్టు దిగి చాలా కాలమైంది.

బాషా మంచివాడే. ఆవిడంటే వాడికి గౌరవం. ఆ గౌరవంతోనే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

‘ఓ ప్లేటు కొట్టి పైన నల్లగా కోటింగేసేద్దాం సార్. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు కింద దూరి చూస్తారా ఏంటి? అమ్మ పని నడిచిపోద్ది.’

‘ప్లేటా? తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందయ్యా? నోర్మూసుకో’ అన్నాను. అరిచాననే చెప్పాలి. ఆ క్షణంలో వాడన్నట్టు చేసేయాలని నాకూ ఉంది. అందుకే అంత కోపం వచ్చింది.

నా అరుపులు వెయిటింగ్ రూములో కూర్చున్న ఆవిడకి వినబడ్డాయి. కస్టమర్లని పని జరిగేచోటికి రానివ్వకూడదన్నది నియమం. ఆవిడ ఒక జీవితకాలం వార్డుల్లో ఆ నియమం ఇతరుల మీద పెట్టిన మనిషి. తనకది వర్తిస్తుందనుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ వంగి, టార్చి అడిగి తీసుకుని చూశారు. ఒలిచిన చోట బొటనవేలు పెట్టి, వాచిన కాలుని నొక్కి చూసినట్టు నొక్కారు. పొట్టు రాలింది.

‘కట్టు శుభ్రంగా ఉందని పుండు విప్పి చూళ్ళేదండీ మీరెవరూ. నేను కూడా’ అన్నారు.

ఆ తర్వాత తన వార్డు భాషలోనే అడిగారు, కోసేస్తే బతుకుద్దా అని. కాలూ చెయ్యీ అయితే కోయొచ్చండీ, ఇది వెన్నెముక అని చెప్పాను. ఆవిడ ప్లేటు సంగతి కూడా విన్నట్టున్నారు.

‘ఆ ప్లేటు ఊడితే ఏమవుద్ది?’

‘వెనక చక్రం పక్కకి లాగేస్తుందండీ. బండి అదుపులో ఉండదు.’

‘కాలవ గట్టు మీదైతే?’

ఆవిడే టార్చి ఆర్పి నా చేతికిచ్చి, ‘అయితే వద్దులెండి’ అన్నారు. బాషా తల దించుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఆ తెల్లటి పూత సంగతి తేలలేదు. సముద్రపు గాలి కావచ్చు అనుకున్నాను. కానీ గాలి తిన్న బండికి ముందు పైరేకులు పోతాయి. ఇది కింది నుంచి, లోపలి నుంచి పోయింది. మీ ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయండీ అని మామూలుగానే అడిగాను.

‘తాగడానికి క్యాన్ నీళ్ళేనండీ. రొయ్యల చెరువులు తవ్వాక మా బోరు నోట్లో పెట్టుకోలేం. సబ్బు నురగ కూడా రాదు. ఇక మిగతా వాటికంటారా...’

అక్కడ ఆగిపోయారు. బండి వంక చూశారు.

‘రోజూ కడిగాను కదండీ’ అన్నారు.

ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడు నాకూ అర్థమైంది. ఉప్పు నీళ్ళు. అదీ మామూలుగా చెంబుతో పోసినవి కావు, మేమిచ్చిన పంపుతో ప్రతి అతుకులోకీ, ప్రతి కన్నంలోకీ జోరుగా కొట్టినవి. లోపలికి వెళ్ళిన ఉప్పు మళ్ళీ బయటికి రాదు. రాత్రంతా రేకుని నములుతుంది. మురికి బండైనా ఇంకో నాలుగేళ్ళు బతికేది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. పంపు మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకోవాల్సి వచ్చేది. ఇద్దరికీ అది రాదు.

బండిని కదలనివ్వనని చెప్పాను. ఇంటిదాకా అయినా అని ఆవిడ అడగలేదు. కట్ల పెట్టె మాత్రం తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కస్టమర్లని దింపడానికి వర్క్‌షాపు కారు ఉంటుంది. దాని డ్రైవరు ఉన్నాడు. అయినా నేనే తోలుకుంటూ వెళ్ళాను. కంకిపాడు, ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి. ఉయ్యూరు దాటాక ఆవిడ, ఆటోలో ఏ ఇళ్ళకి వెళ్ళొచ్చు, ఏ ఇళ్ళకి వెళ్ళలేను అని పైకే లెక్క వేసుకున్నారు. గట్టు మీద ఇళ్ళకి ఆటోవాళ్ళు రారు. వానాకాలంలో అసలే రారు.

ఊరు ముందు ఒక గట్టు దగ్గర ఆపమన్నారు. రెండు వైపులా రొయ్యల చెరువులు, గాలిమరల్లాంటి చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. గట్టు చివర ఒక రేకుల ఇల్లు. లోపల మంచం మీద నాంచారయ్య అనే ముసలాయన. తాటిచెట్టు మీద నుంచి పడి నడుము చచ్చుబడిందట. ఆవిడ పెట్టె విప్పి, ఆయన్ని పక్కకి ఒత్తిగిలించి, వీపు మీది పుండు కడిగారు. దేంతో కడిగారో ఇప్పుడు నా కళ్ళు పట్టి చూశాయి. మూత బిగించిన సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు, ఇంటి నుంచి తెచ్చినవి. ఆ ఇంటి నీళ్ళ చుక్క తాకనివ్వలేదు. మనిషికి ఏ నీళ్ళు వాడాలో అంత తెలిసిన మనిషి.

కట్టు కట్టాక ముసలాయన అడిగాడు.

‘ఎల్లుండి వత్తావుగా అమ్మా?’

‘చూద్దాం నాంచారయ్యా’ అన్నారు.

ఆయన మొహం మారింది. ఆవిడ ఎప్పుడూ ‘వస్తాను’ అనే మనిషట. ‘చూద్దాం’ అనడం ఆయన వినలేదు. కారెక్కాక ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను రోడ్డు వంక చూస్తూ తోలాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు. ఒక బండి పోతే ఏం పోతుందో చూడటం అదే మొదటిసారి. షెడ్డులో ఉన్నవాడికి బండే కనిపిస్తుంది.

వాళ్ళింటి వాకిట్లో మేమిచ్చిన పంపు ఉంది. ఎండ తగలకుండా పాత దుప్పటి కప్పి ఉంచారు. బహుమతి స్టిక్కరు చెక్కు చెదరలేదు. పక్కనే బోరు కుళాయి. నేను తిప్పి, దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకున్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

‘ఉప్పగా ఉన్నాయండీ’ అన్నాను.

‘బియ్యానికి పనికిరావని తెలుసు. మొక్కలు చచ్చిపోతాయని తెలుసు. ఇనప వస్తువే కదా, దానికేం పోయిందిలే అనుకున్నానండీ’ అన్నారు. అని, ఇంత దూరం వచ్చారు, టీ తాగి వెళ్ళండి అని లోపలికి వెళ్ళి క్యాన్ నీళ్ళతో టీ పెట్టి తెచ్చారు.

బండి తుక్కుకి పోయింది. ఇంకో పాత బండి చూడమని ఆవిడ నన్నడగలేదు. నేనే ఒకటి రెండు చూసి చెప్పాను. ఈ వయసులో మళ్ళీ కొత్తదానికి అలవాటు పడలేనన్నారు. రోడ్డు పక్క ఇళ్ళకి ఆటోలో వెళ్ళేవారు. గట్టు మీద ఇళ్ళకి వెళ్ళలేకపోయారు. నాంచారయ్యకి కట్టు కట్టడం ఆయన కోడలికి నేర్పించానని ఫోనులో చెప్పారు. ‘నేర్చుకుంది, పర్లేదు’ అన్నారు. ఆ ‘పర్లేదు’కి అర్థం నేను అడగలేదు.

వానలు తగ్గాక బస్సు పార్సిల్లో మా వర్క్‌షాపుకి ఒక బరువైన అట్టపెట్టె వచ్చింది. పంపు, గొట్టం, తుపాకీ అన్నీ తుడిచి, నూనె రాసి, వరసగా సర్దారు. నేను ఫోన్ చేశాను.

‘మీ దగ్గర మంచినీళ్ళుంటాయి కదండీ. వాడుకోండి’ అన్నారు.

అందులో ఎత్తిపొడుపు లేదు. వస్తువు పాడవకూడదని పంపారు. అది ఎత్తిపొడుపైనా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నేను రిటైరయ్యేదాకా ఆ పంపుని మా వాషింగ్ బే లోనే వాడాం. డెల్టా ఊళ్ళ నుంచి వచ్చిన ప్రతి బండికీ అడగాల్సిన ప్రశ్న ఒకటి అడ్వైజర్లకి నేర్పించాను. ఎన్ని రోజులకొకసారి కడుగుతారు అని కాదు, ఏ నీళ్ళతో కడుగుతారు అని. బోరు నీళ్ళంటే ఆ నీళ్ళు బండికి తాకనివ్వొద్దనీ, తుడుచుకుంటే చాలనీ, ఆర్నెల్లకోసారి మా దగ్గర మంచినీళ్ళతో కింద కడిగించుకొమ్మనీ చెప్పించాను. చాలామంది విన్నారు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. శుభ్రంగా ఉన్న బండిని మెచ్చుకోకూడదు, సుత్తితో తట్టి చూడాలి. ఆ బండి ఏటా మా లిఫ్టు మీదికి వచ్చింది. సుత్తి ఏటా గోడకి వేలాడుతూనే ఉంది.